పోలోకి 16 ఇంచుల అలాయ్స్: ఆఫ్‌సెట్ కొలతలు, తగిలిన చోట్లు, ఖర్చు లెక్క

కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్, కంపెనీ నుంచి వచ్చిన టైరు 185/60 ఆర్15 (వెడల్పు 185 ఎంఎం, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 ఇంచులు), రిమ్ 6జే, అంటే 6 ఇంచుల వెడల్పు. దీన్ని 16 ఇంచుల అలాయ్ రిమ్ములకి, 7జేకి మార్చాలని పని. పీసీడీ 5×100 (100 ఎంఎం వ్యాసం వలయం మీద ఐదు బోల్టు రంధ్రాలు), సెంటర్ బోర్ (రిమ్ము నడిమి రంధ్రం) 57.1, బోల్టు ఎమ్14×1.5. ఈ మూడూ ఎవర్ని అడిగినా చెప్తారు, ఆఫ్‌సెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో నేను అడిగిన ప్రతి షాపులోనూ "పడుద్ది సార్, ఏం కాదు" అన్నమాటే. అందుకే కొలతలన్నీ ఇక్కడ పెడుతున్నా, పోలో కాకపోయినా పద్ధతి ఇదే, మీ కారు నంబర్లు వేసుకుంటే చాలు.

స్టేజ్ 1: పాత రిమ్ము కొలవడం

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకుంటే, ఆ గీత నుంచి హబ్బు (కారుకి ఉండే, రిమ్ముని బోల్టులతో బిగించే భాగం) మీద కూర్చునే ముఖం ఎన్ని ఎంఎం దూరంలో ఉందో ఆ కొలత. ముఖం రోడ్డు వైపుకి, అంటే బయటికి, జరిగి ఉంటే పాజిటివ్. మామూలు కార్లన్నీ దాదాపు ఇదే. రిమ్ము మీద దీన్నే ఈటీ అని రాస్తారు. ఈటీ నంబరు పెరిగితే చక్రం కారు లోపలికి పోతుంది, తగ్గితే బయటికొస్తుంది. చాలామందికి ఇది తిరగబడుతుంది కాబట్టి కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి.

నా పాత రిమ్ము వెనక 6జే×15, ఈటీ 40 అని పోత పోసి ఉంది. అయినా కొలిచాను, ఎందుకంటే రేపు కొనబోయే రిమ్ము మీద నంబరు ఉండకపోవచ్చు, అప్పుడు చేతికి పద్ధతి తెలిసి ఉండాలి.

1. టైరు తీసేసిన రిమ్ముని బయటికి కనపడే వైపు కిందకి, హబ్బు మీద కూర్చునే వైపు పైకి పెట్టి బల్ల మీద గుడ్డ వేసి పడుకోబెట్టాను.
2. వెనక అంచుల మీద అడ్డంగా మేస్త్రీలు వాడే రెండడుగుల అల్యూమినియం లెవెల్ పట్టీ పెట్టాను. రిమ్ము అంచు మీద సీసం వెయిట్లు అతికించి ఉంటే పట్టీ వాటి మీద ఎక్కకుండా చూసుకోవాలి.
3. పట్టీ అడుగు నుంచి హబ్బు మీద కూర్చునే ముఖం దాకా వెర్నియర్ డెప్త్ రాడ్‌తో కొలిచాను: 129 ఎంఎం.
4. రిమ్ము మొత్తం వెడల్పు, అంచు నుంచి అంచుకి: 178 ఎంఎం. 6జే అంటే 152.4 కదా అంటారేమో, అది టైరు కూర్చునే చోటు కొలత, పెదాలు రెండు వైపులా కలిపి ఇంకో 25 దాకా వస్తాయి.
5. 178లో సగం 89. 129 – 89 = 40. పోత నంబరు తో సరిపోయింది.

షాపులో రిమ్ము చూసేటప్పుడు కూడా ఇవే రెండు కొలతలు, టేపూ ఒక సూటి పట్టీ ఉంటే రెండు నిమిషాల పని. టేపుతో కొలిస్తే రెండు ఎంఎం అటూఇటూ అవుతుంది, దానికే ఇబ్బంది లేదు.

ఖర్చు: టార్క్ రెంచ్ 2,600, పిల్లలు ఆడుకునే క్లే 60. మొత్తం 2,660.

స్టేజ్ 2: కారు దగ్గర ఎంత ఖాళీ ఉందో చూడటం

ఇది చెయ్యకుండా ఎంత ఆఫ్‌సెట్ కావాలి అని అడగడంలో అర్థం లేదు. ఖాళీ రెండు వైపులా కొలవాలి, లోపల స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు కడ్డీ) వైపు, బయట ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) వైపు.

లోపల వైపు: ముందు చక్రం వెనక చెయ్యి దూర్చి టైరుకీ స్ట్రట్‌కీ మధ్య దగ్గరగా వచ్చే చోట క్లే ముద్ద అతికించి, జాక్ దించి, కారు బరువు చక్రం మీద పడ్డాక మెల్లగా ముందుకీ వెనక్కీ తోశాను. నలిగిన క్లే మందం వెర్నియర్‌తో చూస్తే 22 ఎంఎం. జాక్ మీద వేలాడుతున్న చక్రానికి కొలవకండి, సస్పెన్షన్ కిందికి వేలాడినప్పుడు ఖాళీ వేరేగా కనపడుతుంది.

బయట వైపు: ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి, టైరు పక్క గోడకీ దారానికీ మధ్య దూరం చూశాను. ముందు 21, వెనక 19. ఇక్కడో సంగతి, ఇది హబ్బు ఎత్తులో కాకుండా టైరు పైభాగంలో, ఫెండర్‌కి దగ్గరగా కొలవాలి, పోలో వెనక బీమ్‌కి కొంచెం నెగటివ్ క్యాంబర్ ఉంటుంది కాబట్టి పైన టైరు లోపలికి వాలి ఉంటుంది, కింద కొలిస్తే ఖాళీ తక్కువగా కనపడి అనవసరంగా భయపెడుతుంది.

ఇప్పుడు టైరు. కొత్త సైజు 205/50 ఆర్16 అనుకున్నాను. వ్యాసం లెక్క, రిమ్ము వ్యాసానికి పైనా కిందా పక్కగోడల ఎత్తు కలపడమే: పాతది 381 + 222 = 603 ఎంఎం, కొత్తది 406.4 + 205 = 611.4. తేడా 1.4 శాతం. 195/55 ఆర్16 అయితే 621 అవుతుంది, 3 శాతం పెద్దది, అంటే టైరు అంచు ఫెండర్ వైపుకి 9 ఎంఎం ఎగబాకుతుంది. అందుకే అది వద్దనుకున్నాను.

టైరు మీద 205 అని ఉన్నంత మాత్రాన రిమ్ము మీద 205 ఉండదు. ఆ నంబరు ఒక నిర్ణీత వెడల్పు రిమ్ము మీద కొలిచింది, 205/50కి అది 6.5జే. అరంగుళం రిమ్ము పెరిగితే టైరు సుమారు 5 ఎంఎం పొట్ట పెంచుతుంది. 185 టైరు నా 6జే మీద 190 ఉంది, అది వెర్నియర్‌తో చూసిందే. కాబట్టి 205 టైరు 7జే మీద 210 వేసుకున్నాను.

లెక్క ఇలా. హబ్బు ముఖం నుంచి బయటికి టైరు ఎంత = వెడల్పులో సగం – ఈటీ. లోపలికి ఎంత = వెడల్పులో సగం + ఈటీ.

పాతది (190, ఈటీ 40): బయటికి 55, లోపలికి 135.

కొత్తది (210):
ఈటీ 46: బయటికి 59, లోపలికి 151. అంటే పాతదాని కంటే బయటికి 4, లోపలికి 16 ఎక్కువ.
ఈటీ 38: బయటికి 67, లోపలికి 143. బయటికి 12, లోపలికి 8 ఎక్కువ.
ఈటీ 30: బయటికి 75, లోపలికి 135. బయటికి 20 ఎక్కువ, లోపల ఏ మార్పూ లేదు.

ఈ మూడు లైన్లు చూస్తేనే ఆఫ్‌సెట్ ఒక్కటే చూసి రిమ్ము కొనకూడదని అర్థమవుతుంది. "పాతది 40, ఇది 38, రెండు ఎంఎం తేడాయే కదా" అంటారు, మధ్య గీతకి అది రెండే, కానీ వెడల్పు కూడా పెరిగింది కాబట్టి బయటి అంచు 12 కదిలింది.

ఖర్చు ఈ స్టేజ్‌లో లేదు. మొత్తం 2,660.

స్టేజ్ 3: ఈటీ 30 ట్రయల్, వెనక తగిలింది

షాపులో డిస్‌ప్లేకి పెట్టిన ఒక సెట్టు, 16×7జే, పది రంధ్రాలది, రెండు పీసీడీలకి పడేట్టు డ్రిల్ చేసినవి. ఈటీ నంబరు ఎక్కడా లేదు. టైరు లేని రిమ్ము ఒకటి అడిగి తీసుకుని పట్టీ వేశాను: మొత్తం వెడల్పు 203, వెనక నుంచి ముఖం దాకా 131.5. 131.5 – 101.5 = 30. లెక్క ప్రకారం ముందు 1 ఎంఎం మిగులుతుంది, వెనక 1 ఎంఎం బయటికొస్తుంది. షాపు యజమాని ఒప్పుకోలేదు, "ఇవే రిమ్ములు ఎన్నో పోలోలకి వేశాం, చూద్దురుగాని పట్టండి" అని 205/50 టైర్లు ఎక్కించి ఉన్న జత ఒకటి ఇచ్చాడు, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి వేశాం.

నిలబడి చూస్తే చాలా బాగుంది, ఆ సంగతి దాచను. దారం వేసి చూస్తే ముందు 1 ఎంఎం, వెనక 3 ఎంఎం ఫెండర్ దాటి బయటికుంది.

తర్వాత చేసినవి:

1. వెనక ఫెండర్ లోపలి అంచుకి, అంటే రేకు లోపలికి మడిచిన పెదానికి, సుద్దముక్క దట్టంగా రాశాను.
2. వెనక ముగ్గురు, ముందు నేనూ, మొత్తం నలుగురం కూర్చుని షాపు సందులో ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద నుంచి మెల్లగా ఒకసారి, కొంచెం వేగంగా ఒకసారి.
3. దిగి చూస్తే సుద్ద ఒక జానెడు పొడవున పూర్తిగా పోయింది. టైరు భుజం మీద అదే వెడల్పున నల్లగా మెరుస్తున్న చార, దాని మీద వేలు పెడితే వేడి.

షాపువాడి పరిష్కారం ఫెండర్ పెదం మడిచెయ్యడం. అది రోలర్‌తో చేస్తారు, పెయింట్ చిట్లితే లోపల నుంచి తుప్పు మొదలవుతుంది, పైగా చక్రం బాడీ దాటి బయటికి ఉండటం అలాగే ఉంటుంది, వానలో బురదంతా డోర్ల మీదకి చిమ్ముతుంది. ఇంకోటి, చక్రం మధ్య గీత 10 ఎంఎం బయటికి జరిగితే వీల్ బేరింగ్ మీద మెలి పెరుగుతుంది, ముందు చక్రాలకి స్టీరింగ్ తిరిగే ఇరుసుకీ టైరు మధ్యకీ ఉన్న దూరం మారుతుంది కాబట్టి బ్రేకు వేసినప్పుడు, గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ లాగడం మొదలవుతుంది. రేకు మడిస్తే ఇందులో ఏదీ పోదు. వద్దని చెప్పి లేబర్ ఇచ్చి వచ్చేశాను.

ఖర్చు: లేబర్ 400. మొత్తం 3,060.

స్టేజ్ 4: ఈటీ 46, స్పేసరు, వణుకు

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకే చేసిన 7జే×16, ఈటీ 46 సెట్టు సెకండ్ హ్యాండ్‌లో కనపడింది, సెంటర్ బోర్ కూడా 57.1 కాబట్టి హబ్బు మీద బిగుతుగా కూర్చుంటుంది, కంపెనీ బోల్టులే పడతాయి. అడ్వాన్సు ఇచ్చి, పడకపోతే వెనక్కిస్తానని ఒప్పందం చేసుకుని తెచ్చాను. 205/50 టైర్లు నాలుగూ ఇక్కడే కొన్నాను, ఎలాగూ ఏ రిమ్ముకైనా ఇవే.

లెక్కలో లోపల 22 – 16 = 6 ఎంఎం మిగలాలి. ఎక్కించి చూస్తే 4. ఎలా కొలిచానంటే డ్రిల్ బిట్ల తోకలు, 4 ఎంఎంది దూరుతోంది, 5 ఎంఎంది దూరట్లేదు. ఆ రెండు ఎంఎం ఎటు పోయాయా అని టైరు కొలిస్తే నేను వేసుకున్న 210 కాకుండా 214 ఉంది. ఈ మోడల్ టైరుకి రిమ్ముని కాపాడటానికి పక్కన ఒక రబ్బరు గట్టు ఉంది, దాంతో కలిపి అంతయింది. కాబట్టి మీ లెక్కలో పక్కకి మూడు ఎంఎం అదనంగా వేసుకోండి, గట్టు ఉన్న టైర్లకి తప్పకుండా.

4 ఎంఎంతో తిరిగాను. పొడి రోడ్డు మీద ఏమీ తగల్లేదు. వాన తర్వాత సర్వీసు రోడ్డు బురదలో తిరిగి వచ్చి చూస్తే స్ట్రట్ మీద పేరుకున్న మట్టిని టైరు నున్నగా చెక్కేసి ఉంది, ఆ మట్టిలో గులకరాయి ఉంటే టైరు పక్కగోడే చెక్కుకుపోతుంది. టైరులో అన్నిటికంటే పలచన భాగం అదే.

అందుకని 8 ఎంఎం స్పేసర్లు, అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు. స్పేసరు ఎంత మందమైతే ఈటీ అంత తగ్గుతుంది, 46 – 8 = 38. పోలోకి హబ్బులో స్టడ్డులు (నట్టు బిగించడానికి హబ్బు నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీలు) ఉండవు, బోల్టులే, కాబట్టి బోల్టు కూడా 8 ఎంఎం పొడుగుది కొనాలి. పొడుగు బోల్టులు, బంతి ఆకారం సీటువి, పది తెచ్చాను. ముందు చక్రాలకే పెట్టి చూశాను.

90 దాటగానే స్టీరింగ్‌లో వణుకు. బెంజ్ సర్కిల్ దాటి హైవే ఎక్కి కాజ టోల్ వైపు వెళ్లేటప్పుడు 90 నుంచి 105 మధ్య స్పష్టంగా ఉంది. బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెడితే రెండు చక్రాలూ సున్నా. మళ్లీ బిగించి వెళ్తే వణుకు తగ్గింది, ఇంకోసారి బిగిస్తే పెరిగింది. బిగించినప్పుడల్లా మారుతోందంటే అది బ్యాలెన్సు తప్పు కాదు, చక్రం మధ్యలో కూర్చోవట్లేదు.

హబ్బు మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి మెడ కొలిచాను, డిస్కు ముఖం నుంచి 9 ఎంఎం బయటికుంది. నేను కొన్నది సాదా స్పేసరు, బిళ్లలా ఉంటుంది, దానికి తన సొంత మెడ లేదు. అది 8 ఎంఎం తినేశాక చక్రానికి పట్టు దొరికేది 1 ఎంఎం, అదీ మెడ చివర ఏటవాలుగా చెక్కిన చోట. చక్రం బరువంతా బోల్టుల మీదే వేలాడుతూ ఏ వైపుకి వాలితే ఆ వైపు బిగుసుకుంటోంది.

కళ్లారా చూద్దామని జాక్ స్టాండుకి ఒక ఇనప తీగ కట్టి, దాని కొనని రిమ్ము అంచుకి దగ్గరగా ఆపి చక్రం తిప్పాను. స్పేసరుతో తీగకీ రిమ్ముకీ మధ్య సందు తిప్పుతుంటే 1.2 ఎంఎం మారింది. స్పేసరు తీసి అదే చక్రం బిగిస్తే 0.3. దీని తర్వాత ఇంక వాదన లేదు.

సొంత మెడ ఉన్న స్పేసరు ఈ మందంలో నాకు దొరకలేదు, దొరికేవి ఇంకా మందం, అవి వేస్తే మళ్లీ ఈటీ 30 కథే. రిమ్ములు వెనక్కిచ్చేశాను, అడ్వాన్సు తిరిగొచ్చింది.

ఖర్చు: టైర్లు 4 × 7,200 = 28,800, స్పేసర్లు 1,800, బోల్టులు 1,500. మొత్తం 35,160.

స్టేజ్ 5: ఈటీ 38 రిమ్ము, బోల్టు సీటు

ఇప్పుడు ఏం కావాలో స్పష్టంగా తెలుసు, 7జే, ఈటీ 36 నుంచి 40 మధ్య, స్పేసరు లేకుండా. ఈటీ 38 అని పోత ఉన్న కొత్త సెట్టు దొరికింది, పట్టీ వేసి చూస్తే 139.5 – 101.5 = 38, సరిపోయింది. రిమ్ము వెనక ఎంత బరువు మోస్తుందో కూడా పోత పోసి ఉండాలి, అది లేని రిమ్ము ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీవి కాని) రిమ్ములకి మామూలుగా సెంటర్ బోర్ పెద్దది ఉంటుంది, దీనికి 73.1. హబ్బు 57.1. మధ్యలో 16 ఎంఎం తేడాకి హబ్ రింగులు వెయ్యాలి. ప్లాస్టిక్ రింగులు కూడా ఉన్నాయి, అల్యూమినియంవే తీసుకున్నాను, ముందు బ్రేకుల వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే మళ్లీ స్టేజ్ 4 వణుకే.

అన్నిటికంటే ముఖ్యం బోల్టులు. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బోల్టుల తల కింద భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఈ రిమ్ము రంధ్రాలు 60 డిగ్రీల కోను. షాపులో కుర్రాడు కంపెనీ బోల్టులతోనే బిగించే గన్ను పెట్టబోతుంటే ఆపాను. ఒక కంపెనీ బోల్టు సీటుకి నల్ల మార్కర్ పూసి, చేత్తో తిప్పి, పానాతో కొద్దిగా బిగించి విప్పి చూపించాను. నల్ల రంగు మీద గోటితో గీసినట్టు సన్నటి తెల్ల గీత ఒక్కటే, బోల్టు అంతమేరే రిమ్ముని ఆనింది. కోను బోల్టుకి అదే చేస్తే రంగు పట్టీలాగా వెడల్పుగా చెరిగిపోయింది. బంతి బోల్టు కోను రంధ్రంలో బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, తిరుగుతుంటే ఆ సన్నటి గీత అల్యూమినియంలోకి దిగిపోయి బోల్టు వదులవుతుంది. కుర్రాడు ఆ రెండు బోల్టులూ పక్కపక్కన పెట్టి ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

బిగించిన వరస:

1. హబ్బు ముఖం వైర్ బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్దాను. తుప్పు పెచ్చు ఒకటున్నా చక్రం ఓరగా కూర్చుంటుంది.
2. రింగు రిమ్ములోకి నొక్కి, చక్రం ఎత్తి హబ్బు మీదకి తోశాను. స్టడ్డులు లేవు కాబట్టి పై రంధ్రంలో తల కోసేసిన పాత ఎమ్14 బోల్టు ఒకటి గైడులా పెట్టుకుంటే చెయ్యి నొప్పుట్టదు.
3. ప్రతి బోల్టు చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాను. బోల్టు ఎంత లావో దాదాపు అంత లోపలికి దిగాలి. మర చుట్టుకి 1.5 ఎంఎం, బోల్టు 14 ఎంఎం, అంటే కనీసం 9 చుట్లన్నా లోపలికి వెళ్లాలి.
4. వెనక డ్రమ్ము బ్రేకులు. బోల్టు మరీ పొడుగైతే కొన డ్రమ్ము లోపల భాగాలకి తగులుతుంది. హ్యాండ్ బ్రేకు దించి చక్రం చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాను, శబ్దం లేదు.
5. నక్షత్రం వరసలో, అంటే ఒకటి విడిచి ఒకటి, 120 న్యూటన్ మీటర్లకి, చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాక.

తీగ పరీక్ష: 0.3 ఎంఎం. దారం: ముందు 7, వెనక 5. డ్రిల్ బిట్: లోపల 12 దూరింది. లెక్కలో వచ్చిన 9, 7, 14ల కంటే మూడు చోట్లా రెండేసి ఎంఎం తక్కువ, అదే 214 టైరు ప్రభావం.

ఖర్చు: రిమ్ములు 30,000, రింగులు 1,600, కోను బోల్టులు 20 × 130 = 2,600, టైర్లు మార్చి బ్యాలెన్సింగ్ 1,200, అలైన్‌మెంట్ 600. మొత్తం 71,160. పాత రిమ్ములు టైర్లతో అమ్మితే 14,000 వచ్చాయి. నికరంగా 57,160.

స్టేజ్ 6: రోడ్డు మీద

సుద్ద పరీక్ష మళ్లీ నలుగురితో, అదే స్పీడ్ బ్రేకర్: సుద్ద చెక్కుచెదరలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్సు చేస్తే ముందు ఎడమ వైపు గరగరమంది, చూస్తే ఫెండర్ లోపలి లైనర్‌కి ఒక స్క్రూ సరిగ్గా బిగిసి లేక వేలాడుతోంది, బిగించాక పోయింది. 100 దాటినా వణుకు లేదు. 60 కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచ్ పెడితే ఇరవైలో మూడు బోల్టులు కొద్దిగా కదిలాయి, కొత్త రిమ్ముకి ఇది మామూలే, అందుకే ఆ రెండో బిగింపు మానకూడదు.

బరువు మాత్రం పెరిగింది. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద పాత చక్రం 15.8 కిలోలు, కొత్తది 18.3. గతుకుల్లో ఆ తేడా తెలుస్తోంది, గొల్లపూడి వైపు పాడైన రోడ్డులో ముందు కంటే కటువుగా ఉంది. టైరు పెద్దదైంది కాబట్టి ఓడోమీటర్ 100 చూపిస్తే కారు నిజంగా నడిచింది 101.4, మైలేజీ లెక్క వేసేటప్పుడు అది కలుపుకోండి, లేకపోతే మైలేజీ ఉన్నదానికంటే ఎక్కువ పడిపోయినట్టు కనపడుతుంది. ఇన్సూరెన్సు రెన్యువల్‌లో అలాయ్స్ సంగతి రాసి ఇచ్చాను.

ఇంకొక్కటి, స్టెప్నీ. అది కంపెనీ స్టీల్ రిమ్మే, దానికి బంతి సీటు బోల్టులే పడతాయి, కొత్త కోను బోల్టులతో దాన్ని బిగించకూడదు. పాత బోల్టులు ఐదు గ్రీజు తుడిచి కవర్లో వేసి స్టెప్నీ గుంతలోనే కట్టి పెట్టాను, కవరు మీద "స్టెప్నీకి ఇవే" అని మార్కర్‌తో రాసి, ఎందుకంటే రాత్రిపూట పంక్చర్ అయితే చక్రం మార్చేది నేనే అవ్వాలని లేదు.